భయానకమునకు రూపమిచ్చిన కలము

1948లో అమెరికాలోని బాల్టిమోర్ నగరమున జన్మించి, తపాలాలో వచ్చు పాఠములతో చిత్రకళ నభ్యసించి, పత్రికాకార్యాలయమున బొమ్మలు గీయుచు వృత్తి నారంభించిన బెర్నీ రైట్‌సన్, భయానకరసమును కామిక్ పుటలలో కావ్యస్థాయికి గొనిపోయిన మహాశిల్పి. 1971లో రచయిత లెన్ వీన్‌తో కలిసి ఆయన సృష్టించిన ‘స్వాంప్ థింగ్’, వికృతాకారమున సైతము మానవహృదయమును దాచుకొన్న దీనమూర్తి.

మేరీ షెల్లీ నవల ‘ఫ్రాంకెన్‌స్టైన్’కు, ఎవరును కోరకయే, తీరిక దొరికినప్పుడెల్ల ఏండ్ల తరబడి గీసి 1983లో వెలువరించిన చిత్రములలో, ప్రయోగశాలయందలి గాజుకుప్పెలును, వానిపై మెరయు వెలుగును, వాని నడుమ ముసరిన నీడలును నల్లసిరా గీతల సాంద్రతచేతనే రూపొందినవి, గీత సోకక మిగిలిన కాగితపు తెలుపే అచట కాంతి. వికృతమును జుగుప్సతో గాక జాలితో చూడ నేర్పిన ఆ కలమునకు, మహాచిత్రకారుల కుంచెల కిచ్చు గౌరవమే ఇచ్చుట న్యాయము.