తొలి జల్లు పోనిచ్చాక

తెరచాప పడవలో వాననీళ్లు పట్టడానికి ఒక పద్ధతుంది. చాప మీద పడ్డ వాన జారి, అడుగున అడ్డంగా ఉండే దూలం వెంట కారుతుంది. బకెట్ అక్కడే పెడతారు. కానీ వెంటనే కాదు. చాపకు పట్టిన ఉప్పు కడుక్కుపోయేదాకా ఆగి, వేలు తడిపి నాలుకకు రాసుకుని చూశాకే పడతారు.

ఇది చదువుతుంటే జనగామ దగ్గరి మా ఇల్లు గుర్తొచ్చింది. గూనపెంకుల చూరు కింద మా అమ్మ కూడా తొలి జల్లును పోనిచ్చేది. నేను గోలెం జరపబోతే, "ఆగు బిడ్డా, ఇంకా ఎర్రగనే వస్తున్నయ్" అనేది.

నేను చదువుతున్నది తారిణి ప్రయాణం గురించి. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయల్దేరిన ఆ 17 మీటర్ల పడవలో ఆరుగురు నౌకాదళ మహిళలు భూమిని చుట్టి వచ్చారు. విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య వారిలో ఉన్నారు. 2018 జనవరిలో కేప్ హార్న్ దాటి, అట్లాంటిక్‌లోని ఫాక్‌లాండ్ దీవుల్లో పోర్ట్ స్టాన్లీ దగ్గర ఆగారు. సహజంగా చెట్టన్నది పెరగని, ఎప్పుడూ గాలి కొట్టే దీవులవి.

అక్కడ ఏడాదికి కురిసేది సుమారు 600 మిల్లీమీటర్లే. మా జనగామకు 800 పైనే. అయినా కరువు పేరు మోసింది మా జనగామే! ఆ లెక్క చూసి చాలాసేపు ఆలోచనలో పడ్డాను. అక్కడ వాన పన్నెండు నెలలూ కొంచెం కొంచెంగా పడుతుంది, చలికి అంతగా ఆవిరి కాదు, మెత్తటి పీట్ నేల పీల్చి పట్టుకుంటుంది. మాకు దాదాపు అంతా నాలుగు నెలల్లోనే. చెల్క నేల, కింద బండ, పైన ఎండ. పడ్డది పడ్డట్టే పోతుంది.

అందుకే ఇక్కడ చెరువు కట్టారు. భూపాలపల్లి జిల్లా గణపురం చెరువు కాకతీయుల నాటిది, నేటికీ పొలాలు పారిస్తోంది. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండేలా గొలుసు కట్టిన పనితనం అది. బోర్లు వచ్చాక ఆ గొలుసును మరిచాం. నా దృష్టిలో మా కరువుకు సగం కారణం అదే.

మృగశిర కార్తె రాకముందే మీ ఊరి చెరువుకు నీళ్లు తెచ్చే కాలువ వెంట ఒక్కసారి నడవండి. ఎక్కడ పూడిందో, ఎక్కడ దున్నేశారో చూడండి. నలుగురినీ పిలిచి వాన పడేలోపు తీయించండి.