ఇంటి జాబితాలో ఆఖరి పేరు

ఇంగ్లండు పాత జనాభా లెక్కల పుస్తకాల్లో ముందు ఇంటి యజమాని పేరు ఉంటుంది. తర్వాత భార్య, పిల్లలు, ఉంటే అత్తగారో మరదలో. పనివాళ్లు ఆఖరున. నేను ఆ పేజీల్ని కింది నుంచి పైకి చదువుతాను. లీడ్స్‌లో మా పక్కింటి పెద్దావిడకి వాళ్ల నాయనమ్మ తల్లిని వెతికిపెట్టడంతో పట్టుకున్న అలవాటు ఇది. ఆ ముత్తవ్వ చిన్నతనంలోనే ఇల్లు విడిచి ఎవరింట్లోనో పనికి కుదిరిందన్న ఒక్క ముక్క తప్ప ఆ కుటుంబంలో ఎవరికీ ఏమీ తెలియదు.

అలాంటి ముత్తవ్వలు అక్కడ లెక్కలేనంత మంది. 1891 నాటికి ఇంగ్లండు, వేల్స్‌లలో ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లే 13 లక్షలు దాటారు. సంపాదించే ఆడవాళ్లలో దాదాపు మూడోవంతు వీళ్లే. సినిమాల్లో చూపించే భవంతుల్లో ఉన్నవాళ్లు కొందరే. చాలామంది ఒక్క పనిపిల్లను మాత్రమే పెట్టుకోగలిగిన దుకాణదారుల ఇళ్లలో, గుమాస్తాల ఇళ్లలో బొగ్గు మోయడం నుంచి వంట దాకా ఒంటిచేత్తో చేసినవాళ్లు.

1841 లెక్కల్లో వీళ్ల గురించి దొరికేది తక్కువ. పదిహేనేళ్లు దాటితే వయసును ఐదుల్లోకి కుదించి రాశారు. ఆడ పనిమనిషి అయితే పేరు పక్కన ‘ఎఫ్‌ఎస్’ అని రెండక్షరాలు. 1851 నుంచి యజమానితో సంబంధం, పెళ్లయిందీ లేనిదీ, పుట్టిన ఊరూ చేరాయి. అక్కడి నుంచి వెతుకులాటకి దారి దొరుకుతుంది.

అయితే ఆ ఊరి పేరు ఎవరు చెప్పారు? నన్ను ఎప్పుడూ పట్టి ఆపేది ఈ ప్రశ్నే. ఇంటికి వచ్చిన కాగితాన్ని యజమాని నింపేవాడు. 1901 దాకా ఆ కాగితాల్ని లెక్కల ఉద్యోగి పుస్తకంలోకి ఎక్కించుకున్నాక ధ్వంసం చేశారు. మనకు మిగిలింది ఆ నకలే. పనిపిల్ల అమ్మగారికి చెప్పింది, అమ్మగారు అయ్యగారికి చెప్పింది, అయ్యగారు రాసినదాన్ని ఇంకొకరు తిరగరాశారు. కొన్ని ఇళ్లలో ఏ అమ్మాయి పనిలో చేరినా ముందున్న అమ్మాయి పేరుతోనే పిలిచేవారు. అందుకే పనిమనిషి వరుసలో ఉన్నది ఆమె గురించి ఆ ఇంటికి తెలిసినంతే అనుకుని చదువుతాను.

పక్కింటావిడ ముత్తవ్వ 1891 ఏప్రిల్ 5 రాత్రి ఒక డాక్టరు ఇంట్లో ఉంది. జనరల్ సర్వెంటు, ఇరవై ఏళ్లు, పుట్టింది యార్క్‌షైర్. అంతే. యార్క్‌షైర్ అంటే చిన్న ఊరు కాదు. పెళ్లి సర్టిఫికెట్‌లో తండ్రి పేరూ వృత్తీ ఉంటాయి కాబట్టి దాన్ని పట్టుకుని పదేళ్లు వెనక్కి వెళ్లాం. 1881లో తల్లిదండ్రుల ఇంట్లో కనిపించింది. బడికి వెళ్లే పిల్ల, ఏడేళ్లు, పుట్టిన పల్లె పేరుతో సహా. కన్నవాళ్లు చెప్పిన వరుస అది. పని దొరకడం కోసం మూడేళ్లు ఎక్కువ చెప్పుకుని ఉంటుందని నా నమ్మకం. ఏడేళ్ల పిల్ల నుంచి డాక్టరింటి పనిమనిషి దాకా మధ్యలో ఎన్ని గడపలు మారిందో మాత్రం పదేళ్లకోసారి ఒక్క రాత్రి తీసే లెక్కల్లో ఉండదు. ఆ పల్లె పేరు చూసి పక్కింటావిడ చాలాసేపు కాగితం వదల్లేదు.

వృత్తి గడిని ఒక్కదాన్నే చూసి తీర్మానించకూడదు. రోచ్‌డేల్ లెక్కల్ని తరచి చూసిన ఎడ్వర్డ్ హిగ్స్ అనే చరిత్రకారుడు, ‘సర్వెంట్’, ‘హౌస్‌కీపర్’ అని రాసివున్నవాళ్లలో చాలామంది ఆ ఇంటి జీతగత్తెలు కారని, కొందరు ఆ ఇంటి చుట్టాలేనని చూపించాడు. ఎవరి కష్టానికి జీతం ఉంది, ఎవరిది ఊరికే పోయింది అన్నది సంబంధం గడినీ వృత్తి గడినీ కలిపి చూస్తేనే తెలుస్తుంది.

ఈ పేజీల్లోనే అప్పుడప్పుడు ‘ఆయా’ తగులుతుంది. సీమకు తిరిగొచ్చే దొరల కుటుంబాలు ఓడలో పిల్లల్ని చూసుకోవడానికి మన ఆడవాళ్లను వెంట తెచ్చుకునేవి. రేవులో దిగాక కొందరిని తిరుగు టికెట్టు లేకుండా వదిలేశారు. అలాంటివాళ్లు తలదాచుకున్న లండన్ ‘ఆయాల హోమ్’ 1900లో హాక్నీలోని కింగ్ ఎడ్వర్డ్స్ రోడ్డుకు మారింది. 2022లో అక్కడ నీలి ఫలకం పెట్టారు. వీళ్ల చరిత్రను 1986లోనే పుస్తకంగా రాసిన రోజీనా విశ్రామ్‌కి మనం రుణపడి ఉన్నాం.

ఆయాలను చాలాసార్లు దొరగారి ఇంటిపేరుతోనే పిలిచారు, రాశారు. పుట్టిన చోటు ‘మద్రాస్’ అని ఉంటే అది పట్నమూ కావచ్చు, గంజాం నుంచి నెల్లూరు దాకా మన జిల్లాలన్నీ ఉన్న రాష్ట్రమూ కావచ్చు. ఆమె తెలుగు మనిషో కాదో ఆ గడి చెప్పదు. పక్కింటావిడకి దొరికినట్టు పుట్టింటి పేజీ ఈమెకు దొరకదు. మన దేశంలో 1881లోనూ ఇంటింటికీ తిరిగి రాశారు, కానీ మనుషుల పేర్లున్న ఆ కాగితాల్ని దాచలేదు. పట్టికలు మిగిలాయి, పేర్లు పోయాయి. 1860లో మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడలో దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్లిన కూలీలకు తండ్రి పేరు, కులం, ఊరు జాబితాలకెక్కాయి. ఒప్పందం మీద వెళ్లినవాళ్లు కాబట్టి రాశారు. ఆయాకు ఆ పాటి కాగితం కూడా లేదు. ఓడ జాబితాలో ఎన్నోచోట్ల ఆమె దొరసాని పేరు పక్కన ‘మరియు ఆయా’ మాత్రమే.

అందుకని ఈ వారం మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. ‘మా జేజమ్మ దొరగారి పిల్లల్ని పెంచింది, ఓడెక్కి సీమకు వెళ్లొచ్చింది’ అన్న మాట మీ ఇంట్లో ఎప్పుడైనా విని ఉంటే, ఆ దొర ఇంటిపేరు పెద్దవాళ్లను అడగండి. ఎక్కడ కలెక్టరుగా చేశాడో, ఏ రైల్వేలో ఉన్నాడో, పిల్లల పేర్లేమిటో గుర్తున్నంతవరకు రాసి పంపండి. ఇంటిపేరు ఒక్కటి తెలిసినా చాలు, ఓడ జాబితాల్లోనూ 1911, 1921 లెక్కల్లోనూ నేను వెతుకుతాను.