దంతముల నడుమ కబళము

కథ చదువుట వేఱు, కథ కొఱకు కాచుకొనుట వేఱు. మొదటిదానిని గూర్చి మన విమర్శకులు ఎన్నియో వ్యాసములు వ్రాసియున్నారు. రెండవదానిని గూర్చి వ్రాసినవారు అరుదు. మాసపత్రికలో భాగములుగా వచ్చు బొమ్మల కథకు ఒక సంచికకును మఱియొక సంచికకును నడుమ నుండు ఎడము కథకు వెలుపలిది కాదనియు, అదియు కథలోని భాగమే యనియు నా అభిప్రాయము. ఆ ఎడమున పాఠకుని మనస్సు ఏమి చేయునో, పత్రిక నడుపువారు ఆ ఎడమును ఎట్లు కాపాడుదురో, ఆ రెంటిని బట్టియే ధారావాహిక మంచిచెడ్డలు నిర్ణయింపవలెను.

ఈ విచారమునకు మన ధర్మపురి తగిన చోటు. దీని పూర్వనామము తగడూరు. ఇచ్చట ఏలిన అదియమాన్ నెడుమానంజి, ఆయుస్సు పెంచు ఉసిరికాయ దొరికినప్పుడు తాను తినక అవ్వయారునకు ఇచ్చెనను కథ మన పిల్లలు కూడ ఎఱిగినదే. ఆ అవ్వయారే పురనానూరులోని ఒక పద్యమున అతని దానమును గూర్చి మఱియొక మాట చెప్పినది. అతని కానుక అందుట ఆలస్యమైనను దిగులు లేదట. అది ఏనుగు తన దంతముల నడుమ నుంచుకొన్న కబళము వంటిదట. అనగా నోటికి చేరక తప్పదని భావము. ఆలస్యమును గూర్చి ఇంతకంటె చక్కని సూత్రము నాకు కనబడలేదు. ఆలస్యము దానంతట అది దోషము కాదు. కబళము దంతముల నడుమ నున్నదా, లేదా అనునదే ప్రశ్న.

తెలుగువారికి సంచిక కొఱకు ఎదురుచూచుట యనగానే తలపునకు వచ్చునది ‘చందమామ’. బి. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు దానిని 1947 జూలైలో మదరాసున తెలుగు, తమిళ భాషలలో ప్రారంభించిరి. తమిళమున దాని పేరు ‘అంబులిమామ’. పిమ్మట అది పండ్రెండు భాషలకు పైగా వ్యాపించినది. కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 మొదలు 1980లో తాము గతించువఱకు దాని సంపాదకత్వ భారము వహించిరి. అది కామిక్సు కాదనువారు కలరు. పాత్రల మాటలు బుడగలలో వ్రాసి తెలుగు బాలలను నవ్వించినవారు ‘డుంబు’ సృష్టికర్త బుజ్జాయి గారనియు, కామిక్సు అను పేరు అట్టివానికే చెల్లుననియు వారి వాదము. వాదము సరియే. అయినను బొమ్మను చూచి కథను, కథను చూచి బొమ్మను గ్రహించునట్లు కూర్చిన ‘చందమామ’ ధారావాహికయే మా తరమునకు బొమ్మల కథ. నిరీక్షణ యన నేమో మాకు నేర్పినది అదియే.

దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో ‘తోకచుక్క’తో మొదలిడి ‘మకరదేవత’, ‘కంచుకోట’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’ మున్నగు ధారావాహికలను రెండు దశాబ్దములకు పైగా వ్రాసిరి. వానికి బొమ్మలు వేసినవారు ‘చిత్ర’ యను పేరుగల టి. వి. రాఘవన్ గారు. రచయిత పేరు పత్రికలో ఉండెడిది కాదు. కావున మేము రచయిత కొఱకు ఎదురుచూడలేదు. ఖడ్గవర్మ, జీవదత్తుల కొఱకు, జయశీలుడు, సిద్ధసాధకుల కొఱకు ఎదురుచూచితిమి.

ఆ కథలు నెల నెలా తెగిన చోట్లు విమర్శకుడు పరిశీలింపదగినవి. సామాన్య రచయిత కత్తి నాయకుని మెడ మీదికి వచ్చినప్పుడు కథ నాపును. ఆ ప్రశ్నకు జవాబు ఒక్కటే, కత్తి తగులదు. నాయకుడు చావడని పిల్లవానికిని తెలియును. అట్టి ప్రశ్న ముప్పది దినములు నిలువదు. దాసరి వారు ఆపదయొద్ద కథ నాపినను, తఱచు ఆ ఆపదతోపాటు ఒక తెలియని మనిషినో, మృగమునో, మాంత్రికునో ప్రవేశపెట్టి ఆపుదురు. వచ్చినవాడు మిత్రుడా, శత్రువా? కనబడినది భూతమా, వేషమా? ఈ ప్రశ్నలకు జవాబులు అనేకములు. ఒక్కొక్క పిల్లవాడు ఒక్కొక్క జవాబు కల్పించుకొనవచ్చును. మిగిలిన కథను నెల దినములు పాఠకుడే వ్రాసికొనునన్న మాట. తరువాతి సంచిక వచ్చినప్పుడు తన కథను రచయిత కథతో పోల్చి చూచుకొనును. విమర్శకు ఓనమాలు ఇవియే గదా.

ఇందు చిత్రగారి పాలు తక్కువది కాదు. పత్రిక చేతికి రాగానే పిల్లలు మొదట చూచునది బొమ్మలే. బొమ్మ ముందే అంతయు చెప్పివేసినచో నెల నాళ్ళ నిరీక్షణ క్షణములో వ్యర్థమగును. ఆయన బొమ్మలు వింత మృగమును, భయంకర ముఖమును చూపును గాని, ఎవరు గెలిచిరో చెప్పవు. చూచినవానికి చదువవలెనను కోరిక హెచ్చునే గాని తగ్గదు. 1978లో ఆయన గతించిన పిదప ఆ ధారావాహికల రూపే మాఱినది.

అదే పత్రికలో దీనికి సరిగా ఎదురైన మఱియొక రచనారీతి కూడ ఉండెడిది. అది బేతాళ కథ. మూలమున నున్న కథలు ఇరువదియైదు. అవి ముగిసిన తరువాతను కొత్త కథలు కల్పించి దశాబ్దముల పాటు నడిపిరి. 1952లో పత్రికలో చేరి, 2020లో తొంబదియేడవ యేట గతించిన శంకర్ గారు కత్తి చేతబట్టి శవమును భుజమున మోయు విక్రమార్కుని బొమ్మతో దానికి శాశ్వత రూపమిచ్చిరి. ఆ శీర్షికలో ఏ నెల కథ ఆ నెలలోనే ముగియును, చిక్కుప్రశ్నకు జవాబును దొరకును, శవము మాత్రము మరల చెట్టెక్కును. ఒక సంచిక తప్పినను పాఠకునకు కథ తెగదు. పిల్లల ఓర్పునకు ధారావాహిక ఒక పరీక్ష కాగా, బేతాళ కథ దానికి ఊరట. రెంటిని ఒకే అట్టల నడుమ నుంచుట సంపాదకుల లోకజ్ఞతకు నిదర్శనము.

ఇక ధర్మపురి వంటి ఊరిలో ఆ నిరీక్షణ ఎట్లుండెనో చెప్పవలెను. 1970 ప్రాంతమున మా వీధి అంగడికి తెలుగు ప్రతులు వ్రేళ్ళ మీద లెక్కింపదగినన్ని వచ్చెడివి. ‘అంబులిమామ’ అంతకంటె విరివిగా దొరకెడిది. తెలుగు ప్రతి అందనినాడు తమిళ ప్రతిలో అదే బొమ్మను చూచి, దాని ప్రక్కనున్న తమిళమును తెలుగు చేసి తమ్ములకు చెల్లెండ్రకు వినిపించెడి అక్కలు ఉండిరి. పిమ్మట తెలుగు ప్రతి వచ్చినప్పుడు ‘మా అక్క చెప్పినదే బాగున్నది’ అని వాదించిన పిల్లలును ఉండిరి. కొందఱు ధారావాహిక పుటలను మాత్రము విప్పి, నెల నెలా చేర్చి, దబ్బనముతో కుట్టి పుస్తకము చేసికొనెడివారు. మఱికొందఱు ఫోటో వ్యాఖ్యల పోటీకి కార్డు వ్రాసి, ఫలితము ప్రకటింపబడు సంచిక కొఱకు మఱింత ఆతురతతో ఎదురుచూచెడివారు. ఆలస్యము వారిని సోమరులను చేయలేదు. అనువాదకులను, కథకులను, పుస్తకము కుట్టువారిని చేసినది.

ఇది యంతయు ఎందువలన సాధ్యమైనది? తరువాతి సంచిక వచ్చునను నమ్మకము వలన. నేను జీవితమంతయు గుమాస్తాగా కాగితముల నడుమ గడపినవాడను. కార్యాలయములో ఒక మంచి పద్ధతి గలదు. అర్జీకి వెంటనే తుది జవాబు ఇయ్యలేనప్పుడు, మీ కాగితము అందినది, విచారణలో నున్నది అని మధ్యకాలమున ఒక జవాబు వ్రాయుదురు. పని ఆలస్యమైనను అర్జీదారు నిశ్చింతగా నుండును. పత్రికకును పాఠకునకును నడుమ నుండవలసినది ఈ మర్యాదయే. ఇంగ్లీషు నవలాకారుడు డికెన్సు ‘పిక్విక్ పేపర్సు’ను 1836, 1837 సంవత్సరములలో నెలకొక భాగముగా ప్రకటించుచుండెను. 1837 మే నెలలో మరదలు అకస్మాత్తుగా మరణింపగా ఆ మరుసటి భాగమును వ్రాయలేకపోయెను. తరువాతి భాగములో పాఠకులకు కారణము తెలిపెను. పాఠకులు అతనిని విడువలేదు. ఒక నెల తప్పినను కబళము దంతముల నడుమనే యున్నదని వారికి తెలిసినది.

శివకాశి దృష్టాంతము ఇంకను దగ్గఱిది. మన ఊరి తెలుగు పిల్లలు తమిళ కామిక్సులు చదువుచు పెరిగినవారే. 1972లో ‘ముత్తు కామిక్సు’ అచ్చట ‘ఇరుంబుక్కై మాయావి’ని తమిళ బాలలకు పరిచయము చేసినది. ఒక చేయి ఇనుముతో చేయబడిన ఆ మాయావి విద్యుత్తు సోకగానే అదృశ్యుడగును. ఆ ఇనుప చేయి మాత్రము కనబడును. 1984లో ఎస్. విజయన్ గారు ‘లయన్ కామిక్సు’ను ప్రారంభించిరి. 2000 తరువాతి దశాబ్దమున ఈ పుస్తకముల రాకకు నియమము లేకపోయెను. ప్రకటింపబడిన పుస్తకము ఎప్పుడు వచ్చునో తెలియక అభిమానులు నెలల తరబడి ఎదురుచూచిరి. అయినను వారు చెదరిపోలేదు. ఏలయనగా సంపాదకుడు తన పుటలో పాఠకులతో ఇంటివానివలె మాటలాడుచు, ఇబ్బందులను కూడ దాచక చెప్పుచుండెను. బెల్జియమున 1984లో మొదలైన ‘పదుమూడు’ అను గూఢచారి కథను, తమిళమున విడివిడిగా చదివి ఎన్నో యేండ్లు వేచినవారికి, 2010లో ఒకే బృహత్సంపుటముగా అందించిరి. 2012 జనవరిలో ‘కమ్‌బాక్ స్పెషల్’తో పునరాగమనము జరిగినది, నాటి నుండి పుస్తకముల రాక మరల క్రమపడినది. పాఠకులు క్షమించిరనుట చాలదు. ఆ ఎడమున పాఠకులే ఆ సంస్థకు ఊపిరి యైరి.

‘చందమామ’ గతి వేఱైనది. కార్మిక వివాదము వలన 1998లో ఆగి, ఏడాది దాటిన పిమ్మట మరల వెలువడినది. 2007లో యాజమాన్యము చేతులు మాఱినది. 2013 నాటికి ముద్రణ నిలిచిపోయినది. నిలిచిన పత్రికలు లోకమున అనేకములు. తెలుగునాట పుట్టిన బిడ్డకు పత్రిక నిలిచినను బడియున్నది, అంగడి పలక యున్నది, గోడమీది ప్రకటన యున్నది. ఇచ్చటి బిడ్డకు అవి లేవు. ఇంట తెలుగు మాటలాడుచు, బడిలో తమిళము, ఇంగ్లీషు చదువు పిల్లలకు తెలుగు లిపి నెలకొకసారి ఇంటికి వచ్చు చుట్టము వంటిది. కథలో ఏమగునో యను ఆతురతయే వారిచేత ఒత్తులు, గుణింతములు కూడబలుకుకొని చదివించినది. ఆ ‘ఇంకా ఉన్నది’ యను మాట పోయిననాడు, చదువవలసిన అగత్యమును పోయినది. 2004లో కృష్ణగిరి వేఱు జిల్లా యగువఱకు మన జిల్లాలోనే యుండిన హోసూరు ప్రాంతమున తెలుగు బడులైన కలవు. ధర్మపురి పట్టణములోని ఇండ్లకు ఆ ఆధారమును లేదు.

నేడు పాత సంచికలు ఫోను తెరమీదనే చదువవచ్చుననియు, దాసరి వారి ధారావాహికలు పుస్తకములుగా వచ్చినవనియు కొందఱందురు. సంతోషమే. 2010లో గతించిన ఆ రచయిత పేరు ఇప్పుడు అట్టమీద నున్నది. అది ఆలస్యముగా చెల్లిన బాకీ. కాని, రెండేండ్లు నెల నెలా వచ్చిన కథను రెండు రాత్రులలో చదివినచో లోపములు కూడ కనబడును. ఒక ఆపద తీరగానే అదే తీరున మఱియొక ఆపద వచ్చును. ఒకే రీతి మాంత్రికుడు పేరు మార్చుకొని వచ్చును. నెలకొకసారి చదివినప్పుడు ఈ పునరుక్తి జ్ఞాపకమునకు ఊతయై యుండెను. పుస్తకములో అది విసుగగును. కావున ఆ కథలు నిరీక్షణతో కలిపి నిర్మింపబడినవని చెప్పుట అతిశయోక్తి కాదు. పుస్తకములో కథ దొరకును, నెల దొరకదు. పాత సంచికల రాశి ఎంత పెద్దదైనను అందు రేపటి సంచిక ఉండదు.

పిల్లలకు కావలసినది రేపటి సంచిక. మన సంఘము వంటివి పెద్ద పత్రిక నడుపజాలవు. నెలకు నాలుగు పుటలు, అందొక బొమ్మల కథ, చివర ‘ఇంకా ఉన్నది’ యను మాట, దానిక్రింద తరువాతి సంచిక వచ్చు తేది — ఇంతమాత్రము మన చేతనగును. బొమ్మలు వేయు యువకులు మన ఇండ్లలోనే కలరు. తేది తప్పినచో కారణము తెలుపుచు ఒక చీటీ ఇంటింటికి పంపవలెను. ఆ చీటీయు తెలుగులోనే ఉండవలెను, దానిని పిల్లలచేతనే చదివింపవలెను. అదియమాన్ ఏలిన ఊరిలో నివసించు మనము పిల్లలకు ఇయ్యదలచిన కబళమును ముందు దంతముల నడుమ నుంచుదము. అది నోటికి చేరువఱకు వారు కాచుకొనగలరు. పెద్దలు ఈ సూచనను వచ్చు సర్వసభ్య సమావేశమున ఆలోచింతురు గాక.