చుట్టు పక్కన చుట్టు

సోలినాయిడ్ (గొట్టంలా చుట్టిన తీగచుట్ట) పాఠంలో నేను ముందు పిల్లల చేతికి తీగ ఇస్తాను, సూత్రం ఆ తర్వాతే బోర్డెక్కుతుంది. పీవీసీ గొట్టం ముక్క, 22 గేజి ఎనామెల్ రాగి తీగ, బ్యాటరీ, దిక్సూచి ఉంటే చాలు. చుట్టడంలోనే సగం పాఠం ఉందని నా నమ్మకం.

చుట్టేటప్పుడు బొటనవేలితో తీగను అదిమి పట్టాలి. పట్టు సడలితే చుట్ల మధ్య సందులు పడతాయి, అయస్కాంత క్షేత్రం తగ్గుతుంది. పొడవాటి సోలినాయిడ్‌లో మీటరుకు ఎన్ని చుట్లు పట్టాయి, ఎంత కరెంటు పారుతోంది అన్నదే లెక్క. 10 సెంటీమీటర్లలో 100 చుట్లు చుట్టి ఒక ఆంపియర్ పంపితే నడిమధ్యన సుమారు 1.26 మిల్లీటెస్లా వస్తుంది. మన ప్రాంతంలో భూమి క్షేత్రానికి ఇది దాదాపు 30 రెట్లు. 20 సెంటీమీటర్లలో 200 చుట్లు చుట్టినా ఇంచుమించు అంతే.

రెండో వరసకి వచ్చేసరికి ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, తీగ వెనక్కి వస్తోంది కదా, మొదటి వరసని కొట్టేయదా?" బంగారంలాంటి ప్రశ్న. తీగ కుడి నుంచి ఎడమకు జరుగుతున్నా గొట్టం చుట్టూ తిరిగే దిశ మారలేదు, అందుకే రెండు క్షేత్రాలూ కలుస్తాయి. తర్వాత రెండో వరసలో మాత్రం తిప్పే దిశ మార్చి ఇంకో సోలినాయిడ్ చుట్టిస్తాను. కరెంటు పారుతున్నా దిక్సూచి ముల్లు దాదాపు కదలదు. కుడిచేతి వేళ్లు కరెంటు తిరిగే వైపు ముడిస్తే బొటనవేలు క్షేత్రం దిశ చూపుతుందనే కుడిచేతి నిబంధన అప్పుడు బుర్రకెక్కుతుంది.

తీగ మీది ఆ పల్చటి ఎనామెల్ పూత విలువ చరిత్ర చెబుతుంది. 1825లో ఇంగ్లండులో విలియం స్టర్జన్ వార్నిష్ పూసిన ఇనుప లాడానికి వట్టి రాగి తీగ చుట్టాడు. చుట్లు ఒకదానికొకటి తగలకూడదు కాబట్టి ఎడంగా చుట్టక తప్పలేదు. అమెరికాలో జోసెఫ్ హెన్రీ తీగకే పట్టు తొడిగాడు. దాంతో చుట్లు ఒత్తుగా, వరస మీద వరసగా పట్టాయి. 1831లో ఆయన ఏల్ కాలేజీకి చేసిచ్చిన విద్యుదయస్కాంతం 900 కిలోలకు పైగా ఎత్తింది.

ఇక ఈనాటి సంగతి చూస్తే, జెనీవా దగ్గర సెర్న్ అనే కణభౌతిక పరిశోధనశాలలోని సీఎంఎస్ డిటెక్టరు సోలినాయిడ్ 12.5 మీటర్ల పొడవు, 6 మీటర్ల వ్యాసం. అతివాహక తీగను నాలుగు వరసలుగా చుట్టి 3.8 టెస్లా పుట్టిస్తున్నారు. మా పిల్లలు గొట్టం మీద నేర్చుకున్న నియమమే అక్కడా పనిచేస్తోంది.

అందుకే ఈ పాఠాన్ని వీడియోతో సరిపెడుతున్న బడులకు నా విన్నపం ఒకటే. ఒక్క పీరియడు తీగకు కేటాయించండి. రెండో వరస దగ్గర ఆ ప్రశ్న పిల్లల నోటి నుంచే రానివ్వండి.