క్రొవ్వును కొలిచే త్రాసులు

నాంపల్లి వంటి రైలుస్టేషన్లలో ఒకప్పుడు నాణెం వేస్తే అట్టముక్కపై బరువు అచ్చువేసి ఇచ్చే యంత్రాలుండేవి. ఇప్పుడు అబిడ్స్ అంగళ్ళలో దొరికే విద్యుత్ త్రాసులు, చెప్పులు విడిచి పైకెక్కితే, బరువుతోబాటు దేహంలో క్రొవ్వు నూటికి ఎన్నిపాళ్ళో కూడా చెప్పుతున్నాయి. మొదటి అంకెను నమ్మినట్లే రెండవదానిని నమ్మవచ్చునా? ముఖ్యంగా మధుమేహం వంటి జీవక్రియాలోపం ఉన్న బాలబాలికల విషయంలో? నమ్మరాదని నా అభిప్రాయం. కారణాలు చూద్దాం.

ఈ త్రాసు క్రొవ్వును కొలవదు. పాదాలగుండా స్వల్ప విద్యుత్తును పంపి, దానికి కలిగే నిరోధాన్ని కొలుస్తుంది. నీరు ఎక్కువగా ఉన్న కండ విద్యుత్తును సులభంగా పోనిస్తుంది, క్రొవ్వు పోనివ్వదు. నిరోధాన్నిబట్టి నీటిని, నీటినిబట్టి కండను లెక్కగట్టి, మిగిలినది క్రొవ్వు అంటుంది. మధుమేహం అదుపు తప్పితే మూత్రం అధికంగాపోయి నీరు తగ్గుతుంది. ఆ లోటును త్రాసు క్రొవ్వుగా చూపవచ్చును. పైగా ఎదిగే పిల్లల కండలో నీటిపాలు పెద్దలకంటే హెచ్చు. పెద్దల సూత్రం వారికి సరిపడదు.

పాఠశాలల్లో వాడే బి.ఎం.ఐ. సంగతేమిటి? కిలోల బరువును మీటర్ల ఎత్తు వర్గంతో భాగిస్తే అది వస్తుంది. 52 కిలోలు, 1.60 మీటర్లు ఉన్న బాలునికి 20.3. ఇందులో కండకూ క్రొవ్వుకూ భేదం లేదు. 2004లో పూణే వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యడ్కిన్ తమ దేహాలనే ఉదాహరణగా ప్రకటించారు. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3. కాని క్రొవ్వు యడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం! సన్నగా కనిపించే భారతీయునిలో క్రొవ్వు దాగి ఉండవచ్చునన్నమాట. అందుకే భారత శిశువైద్యుల సంఘం 2015 పట్టికలలో, పెద్దల 23, 27 అంకెలకు సరితూగే హద్దులను పిల్లలకు వయస్సునుబట్టి నిర్ణయించింది. ఇది మెరుగే, అయినా కొలిచేది క్రొవ్వును కాదు.

ఎక్స్‌కిరణాలతో చేసే డెక్సా పరీక్ష ఇంతకంటే నమ్మదగినది, కాని ఖర్చుతో కూడినది. చర్మపు మడత మందాన్ని కొలవడం చవక. అయితే ప్రసిద్ధమైన స్లాటర్ సమీకరణాలు 1988లో అమెరికా పిల్లలను కొలిచి కట్టినవి. మన పిల్లలపై సరిచూడకుండా వాడరాదు. నడుము చుట్టుకొలతకు టేపు చాలు. పొట్టలోని క్రొవ్వును అది కొంతవరకు సూచిస్తుంది.

ఉపాధ్యాయులు గమనించవలసినదొక్కటి. ఈ అంకెలు జల్లెడవంటివి. ఎవరిని వైద్యునివద్దకు పంపాలో చెప్పుతాయి, తీర్పు చెప్పవు. లావైన పిల్లవాని అంకెను తరగతిలో బిగ్గరగా చదవరాదు. సన్నని వానికి జబ్బు రాదని అనుకోరాదు. అన్నిటికంటే ముఖ్యం: త్రాసు చూపిన అంకెకు భయపడి, మధుమేహమున్న బాలిక ఇన్సులిన్ మానుకొంటే ప్రాణానికే ముప్పు. అంకె ఎలా పుట్టిందో ముందుగా చెప్పితే ఆ భయం సగం తగ్గుతుంది.