చేతిలో చెయ్యి వేసిన బేరం

పశువుల సంతను ఐరిష్ భాషలో 'ఈనఖ్' అంటారు. ఆ మాటకు జనం కూడిక అన్న అర్థం కూడా ఉండటం, టిపరరీ ప్రాంతంలోని నీనా పట్టణానికి ఆ మాటే ఊరి పేరుగా స్థిరపడటం గమనిస్తే, ఐర్లండ్ పల్లె జీవితంలో సంతకు ఎంతటి స్థానముండేదో బోధపడుతుంది.

20వ శతాబ్దం తొలి సగం దాకా రైతులు తెల్లవారకముందే పశువులను తోలుకొని వచ్చి పట్టణ వీధుల్లోనే నిలబెట్టేవారు. అమ్మేవాడు ఎక్కువ చెప్పి, కొనేవాడు తక్కువకు అడిగి, ఇద్దరూ పట్టు విడవక చెరొక దారి పట్టబోయినప్పుడు, 'టాంగ్లర్' అనే మధ్యవర్తి వారిని వెనక్కి లాక్కొచ్చి, మిగిలిన తేడాను చెరిసగం భరించమని నచ్చజెప్పేవాడు. ఒప్పందం కుదిరిందనడానికి గుర్తుగా అరచేతిలో ఉమ్ముకొని ఒకరి చేతిని మరొకరు చరిచేవారు. అమ్ముడుపోయిన పశువు వీపుపై బురదతో గీత గీయడమో, కొంత వెంట్రుక కత్తిరించడమో చేసేవారు. కాగితం లేని ఆ ఒప్పందానికి చుట్టూ మూగిన జనమే సాక్షులు కనుక, మాట తప్పినవాడికి మరుసటి సంతలో తలెత్తుకోవడం కష్టమయ్యేది.

ఈ ఆచారాలన్నింటిలోనూ మిక్కిలి గౌరవించదగినది 'లక్ పెన్నీ', అనగా సొమ్ము ముట్టిన తరువాత, పశువు కొన్నవారికి అచ్చిరావాలన్న శుభాకాంక్షతో అమ్మినవాడు అందులో కొంత తిరిగి ఇవ్వడం. తెలుగువారి కొసరు సరుకు రూపంలో ఉంటే ఇది డబ్బు రూపంలో ఉండేది. ఎంత ఇవ్వాలన్నదానిపై మళ్లీ చిన్న బేరం సాగినా, అసలే ఇవ్వనివాడిని పిసినారిగా లెక్కకట్టేవారు. గెలిచినవాడు ఓడినవాడు అన్న భావన మిగలకుండా ఇరుపక్షాలనూ తృప్తిగా ఇంటికి పంపడమే ఈ ఆచారంలోని వివేకం.

అయితే ఆ సంతలన్నీ ఆదర్శప్రాయమని చెప్పడం సత్యం కాదు. లెటర్‌కెన్నీ, స్ట్రాబేన్ వంటి పట్టణాల్లోని కూలి సంతల్లో పేదింటి పిల్లలు సైతం వీధిలో నిలబడగా, రైతులు వారి బలాన్ని అంచనా వేసి ఆరు నెలల చాకిరీకి బేరమాడేవారు.

1950ల నుంచి సహకార సంఘాల పశువుల మార్కెట్లు వచ్చాక, తూకం, వేలంపాట ధరను నిర్ణయించసాగాయి. వీధులు శుభ్రపడ్డాయి, రైతుకు ధరపై స్పష్టత దొరికింది. అది మేలైన మార్పే అయినా, ఎదుటివాడి మేలు కోరి సొంత రాబడిలో కొంత వదులుకునే సంస్కారాన్ని ఏ తూకపు యంత్రమూ నేర్పలేదు. గాల్వే ప్రాంతంలోని బాలినస్లోలో అక్టోబరు నెలలో సాగే గుర్రాల సంతలో నేటికీ చేతిలో చెయ్యి వేసి బేరం ముగించేవారున్నారు.