బొగ్గుసీమలో బదనిక పూలు

వైశాఖ జ్యేష్ఠములలో ఎండ 45 డిగ్రీలను దాటుచు, ఓపెన్‌కాస్టు గనుల దుమ్ము వడగాలితో కలిసి గుమ్మములలోనికి వచ్చుచుండు రామగుండము, గోదావరిఖని ప్రాంతమున ఎవరైనను ఇంట ఆర్కిడ్ పెంచ తలపెట్టినచో, అది సిక్కిము కొండలలోనో అస్సాము తోటలలోనో పెరుగవలసిన పువ్వు గదా యని ఇరుగుపొరుగువారు నవ్వుట సహజము. పెండ్లిపందిళ్ళకు పెట్టెలలో దిగు ఊదా డెండ్రోబియములను, కొన్న నెలకే వాడిపోవు ఫలనాప్సిస్ కుండీలను చూచి యేర్పరచుకొన్న అభిప్రాయమది. కాని తెలంగాణపు ఆకురాల్చు అడవులలో, పాత మామిడితోపులలో, ఎవ్వరును నీరు పోయకుండగనే తరతరములుగ బ్రతుకుచు, ఎండలు ముదిరిన వేళనే పూయు ఆర్కిడ్ మనకును కలదు. పల్లెవారు దానిని బదనిక యందురు. వృక్షశాస్త్రజ్ఞులు వాండా టెస్సెల్లాటా యందురు. సామర్లకోటలో చిరకాలము నివసించి మన మొక్కలను శ్రద్ధతో చిత్రింపించిన విలియం రాక్స్‌బరో, 1795లో లండనున వెలువడిన తన కోరమాండల్ తీరపు వృక్షసంపుటము మొదటి భాగముననే దీనికి స్థానమిచ్చెను. పసుపు కలిసిన గోధుమవన్నె రేకులపై గళ్ళు, నడుమ నీలిమ దేరిన ఊదా పెదవి, దగ్గరకు పోయినవారికి మాత్రమే తెలియు పరిమళము: ఇంతటి సొగసుగల పువ్వును చెట్టుకు పట్టిన పీడ యని కొడవలితో చెక్కివేయుదురు!

ఆ పొరపాటునకు కారణము లేకపోలేదు. మామిడి కొమ్మలలోనికి వ్రేళ్ళు దింపి, చెట్టు సారమును పీల్చి, తుదకు కొమ్మను ఎండబెట్టు జిడ్డుమొక్క వేరొకటి కలదు. దానినిగూడ బదనిక యనియే అందురు. ఆర్కిడ్ అట్టిది కాదు. అది బెరడును పట్టుకొని నిలుచునే గాని చెట్టునుండి గ్రుక్కెడు నీరైనను త్రాగదు. గాలిలో వ్రేలాడు దాని లావుపాటి వ్రేళ్ళపై మృతకణములతో నేర్పడిన తెల్లని తొడుగు ఉండును. వానచినుకు పడగనే అద్దకపు కాగితమువలె దానిని పీల్చి లోపలికి అందించును. ఎండిన వేరు వెండివన్నెను, తడిసిన వేరు పచ్చవన్నెను దాల్చును. నీరు ఎప్పుడు పోయవలెనో చెప్పుటకు ఈ వన్నెకు మించిన గురుతు మరియొకటి లేదు.

కావున ఆర్కిడ్‌ను మట్టిలో నాటుట దాని ఊపిరి తీయుటయే. టేకుపట్టీలతో చేసిన బుట్టయో, ప్రక్కలకు రంధ్రములు పొడిపించిన మట్టికుండయో చాలును; అందు బొగ్గుముక్కలు, పెంకుముక్కలు, కొబ్బరిడొప్ప తునకలు వదులువదులుగ నింపవలెను. ఇచ్చట ఒక మాట. బొగ్గు వేయవలెనని విని, బొగ్గుకు కరవులేని యీ ఊళ్ళలో గనిబొగ్గు పెళ్ళలను తెచ్చి నింపు ఉత్సాహవంతులు ఉండవచ్చును. పనికివచ్చునది కట్టెబొగ్గు మాత్రమే. అది తేలిక, సచ్ఛిద్రము. కొంత తేమను, కొంత గాలిని తనయందు నిలుపుకొనును, త్వరగా కుళ్ళదు. గనిబొగ్గు దట్టమై, నలిగి పొడియై వ్రేళ్ళసందులను మూసివేయును. అందలి గంధక ఖనిజములు తడియు గాలియు తగిలినపుడు ఆమ్లమును పుట్టించును. బొగ్గుబాయిలో ఊరు నీటి గుణమెరిగిన కార్మికునికి ఈ సంగతి విడమరచి చెప్ప నక్కరలేదు. పెరటి చెట్టుకే కట్టదలచినవారు గరుకుబెరడుగల మామిడిని ఎన్నుకొనవలెను. బెరడును పొరలుగ రాల్చు జామయు జామాయిలును పనికిరావు. నా మట్టుకు, క్వార్టర్లలో కాపురముండువారికి బుట్టయే మేలని తోచును: ఉద్యోగవిరమణ నాడు క్వార్టరును ఖాళీ చేయువాడు చెట్టును వెంటగొనిపోలేడు గదా.

నీటి విషయమున ఋతువే యజమాని. బుట్టలోని వ్రేళ్ళకు మే మాసమున ఉదయము, సాయంకాలము రెండుమారులు నీరు చల్లవలసియుండును. రెండవమారు చల్లునది చీకటి పడకమునుపే ఆకులు ఆరునంత ముందుగ చల్లవలెను, ఏలయన ఆకుల నడిమి గుంటలో నీరు రాత్రియంతయు నిలిచిన మొవ్వు కుళ్ళును. ముసురు పట్టిన దినములలో ఏమియు పోయనక్కరలేదు. శీతకాలమున వ్రేళ్ళు పూర్తిగ వెండివన్నె దేరినపిమ్మట చల్లిన చాలును. బోరునీటిలోని లవణములు వ్రేళ్ళపై తెల్లగ పేరుకొనును గనుక డాబాపై పడిన వాననీటిని పట్టియుంచుకొనుట తెలివి.

వెలుతురు వలయును, మధ్యాహ్నపుటెండ వలదు. సగమెండను ఆపు పచ్చని వల క్రింద తూరుపుగాలి తగులుచోట వ్రేలాడదీయవలెను. ఆకు మరీ ముదురుపచ్చగ నున్న వెలుతురు చాలలేదనియు, ఎరుపుడాలు తిరిగిన ఎక్కువైనదనియు గ్రహింపవచ్చును. గని దుమ్మును వారమునకొకమారు తడిగుడ్డతో తుడువకున్న ఆ వెలుతురును ఆకునకందదు. ఇక ఎరువు: 2021 నుండి రామగుండమున యూరియా మరల తయారగుచున్నను, పొలమునకు చల్లినట్లు బుట్టలో గుప్పెడు వేసినచో వ్రేళ్ళు మాడిపోవును. నీటిలో కరగు 19:19:19 ఎరువును లీటరునకు గ్రాముకు మించకుండ కలిపి వారమునకొకసారి చల్లి, నడుమ నడుమ మంచినీటితో కడుగుటయే పద్ధతి.

మొక్క యెక్కడిది అన్న ప్రశ్న మిగిలినది. మూలికలకు పేరుపడిన రామగిరి ఖిల్లాకు పోయి పెరుకుకొనివచ్చుట తగదు. ఆర్కిడ్ కాయలో ధూళివంటి విత్తులు లక్షలుండునుగాని వానిలో నిలువయాహారము లేదు; బెరడునందలి శిలీంధ్రము తోడ్పడిననే మొలచును, అవియు ఏ కొలదిగనో. 1922లో లూయిస్ నడ్సన్ చక్కెర కలిసిన మాధ్యమముపై శిలీంధ్రము లేకయే వానిని మొలిపించి చూపినందున నర్సరీలు నేడు గాజుబుడ్లలో వేలకొలది మొక్కలను పెంచుచున్నవి. గాలికి విరిగిపడిన కొమ్మపై దొరికిన బదనికను తెచ్చుకొనిన దోషములేదు. ముదిరిన మొక్క మొదట పిలక వేయును. దానికి రెండుమూడు వ్రేళ్ళు జానెడేసి సాగినపిమ్మట, మిరుగము వానలు పడగనే పదునైన కత్తితో వేరుచేసి, కోతకు పసుపుపొడి అద్ది, వేరొక బుట్టలో కదలకుండ నూలుదారముతో కట్టవలెను. పూతకు రెండుమూడేండ్లు పట్టవచ్చును. అంతవరకు చోటు మార్చకుండుట మంచిది.